హాలోవీన్ సాయంత్రం పాపను ఎంత దూరం తీసుకెళ్లాలి?

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా పాపకు సెప్టెంబరులో నాలుగేళ్లు నిండాయి, ప్రీస్కూలుకు వెళ్తోంది. ఈ వీధిలో ఇల్లు కొనుక్కుని వచ్చాక, అక్టోబరు 31న పిల్లలు వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడిగే హాలోవీన్ పండగ మాకు ఇదే మొదటిది. మూడిళ్ల అవతల వాళ్లు ముంగిట్లో పన్నెండడుగుల అస్థిపంజరాన్ని నిలబెట్టారు. దాని పక్కనే, మనిషి అలికిడి కాగానే కళ్లు ఎర్రగా వెలిగి కేక పెట్టే బొమ్మ ఒకటి ఉంది. దాన్ని చూసినప్పటి నుంచి పాప ఆ దారిన నడవనంటోంది, రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదు. అయినా హాలోవీన్‌కు మాత్రం వెళ్తానంటోంది, అదీ చెత్త లారీ వేషంలో! మావారికేమో ముగ్గురం మంత్రగాళ్ల వేషాలు వేసుకుని ఫొటో దిగాలని ఉంది. పైగా భయం పోవాలంటే పాపను ఒకసారి హాంటెడ్ హౌస్‌కు తీసుకెళ్తే సరి అంటున్నారు. తణుకు నుంచి ఆరు నెలల కోసం వచ్చిన మా అత్తగారు, ‘కార్తీకమాసంలో గుమ్మంలో దెయ్యాలేమిటి, వేయిస్తే పిల్లకు కృష్ణుడి వేషం వేయించండి’ అంటున్నారు. పాపకు వేరుశెనగ పడదు, నిరుడు ఒకసారి ఎమర్జెన్సీకి పరుగెత్తవలసి వచ్చింది. వీటన్నిటికీ తోడు, ఆ రోజు పంచే మిఠాయిల్లో విషం కలుపుతారని బంధువుల వాట్సాప్ గ్రూపులో వీడియోలు తిరుగుతున్నాయి. అసలు ఈ పండగ చేసుకోవాలా, వద్దా? చేసుకుంటే ఎలా చేసుకోవాలి?

సమాధానం: చేసుకోవచ్చునమ్మా. కాకపోతే అది ఎంత పెద్ద పండగ కావాలన్నది వీధిని చూసి కాక పాపను చూసి నిర్ణయించుకోండి. మీ ఉత్తరంలో చాలా చిక్కులు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నా, ముందుగా తేల్చవలసింది పాప భయమే. అది తేలితే వేషమేమిటి, ఏ వేళకు బయలుదేరాలి, ఎన్ని ఇళ్లకు వెళ్లాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

నాలుగేళ్ల పిల్ల అస్థిపంజరం బొమ్మను చూసి భయపడడాన్ని పిరికితనంగా చూడకండి. పైకి కనిపించే రూపం మారినా లోపల ఉన్నది మారదన్న నమ్మకం ఆ వయసులో ఇంకా గట్టిపడదు. 1969లో రీటా డెవ్రీస్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఈ విషయం మీదే ఒక పరిశోధన ప్రచురించారు. మేనార్డ్ అనే సాధువైన పిల్లిని మూడు నుంచి ఆరేళ్ల వయసు పిల్లలకు చూపించి, నిమరనిచ్చి, ఆ తరువాత దాని ముఖానికి కోరలు చాచిన కుక్క ముసుగు తొడిగారు. ముసుగు తొడుగుతున్నంతసేపూ పిల్లి వెనక భాగం, తోక పిల్లలకు కనబడుతూనే ఉన్నాయి. అయినా మూడేళ్ల వాళ్లలో చాలామంది అది కుక్కగా మారిపోయిందనే అనుకున్నారు. ఆరేళ్ల వాళ్లు మాత్రం, ముఖం ఎలా ఉన్నా అది పిల్లేనని చెప్పగలిగారు. మీ పాప ఈ రెండు వయసులకూ మధ్య ఉంది. అందువల్ల పగలు ‘అది బొమ్మే కదమ్మా’ అని మీకే చెప్పిన పిల్ల, చీకటి పడి ఎర్ర కళ్లు వెలిగేసరికి ఆ మాట తానే నమ్మలేకపోవచ్చు. ఆమె అబద్ధం ఆడడం లేదు, నాటకం ఆడడం లేదు.

కనుక హాంటెడ్ హౌస్ ఆలోచనను మీ వారు ఈ ఏడాదికే కాదు, ఇంకొన్నేళ్లపాటు మానుకోవడం మంచిది. అక్కడ రక్తం పూసుకున్న మనుషులు చీకట్లోంచి మీదికి దూకుతారు. టిక్కెట్టు కొనుక్కుని కావాలని వచ్చిన కాలేజీ పిల్లలకు అది సరదా. తప్పించుకునే దారి తన చేతుల్లో లేని చిన్నపిల్ల మాత్రం అక్కడ ధైర్యం నేర్చుకోదు, నాన్న చెయ్యి పట్టుకున్నా భద్రత లేదని నేర్చుకుంటుంది. భయపడే వస్తువు దగ్గరికి పిల్లలు కొద్దికొద్దిగా, తాము ఒప్పుకున్నంత మేరకే, వెనక్కి తిరిగే వీలుతో వెళ్లినప్పుడు భయం తగ్గుతుంది. బలవంతంగా ఎత్తుకుని లోపలికి తీసుకుపోతే అది మరింత ముదురుతుంది.

మీ వీధిలోనే ఆ పని చేయవచ్చు. ముందుగా మీరు ఒక్కరే వెళ్లి ఆ ఇంటివాళ్లతో మాట్లాడండి. ఆ ఎత్తు అస్థిపంజరాలను హోమ్ డిపో అనే దుకాణాల సంస్థ 2020లో అమ్మకానికి పెట్టినప్పటి నుంచి అమెరికా శివార్లలో వీధికొకటి వెలుస్తోంది. వాటిని పెట్టేవాళ్లు పండగంటే ప్రాణం పెట్టేవాళ్లే గాని పిల్లలను ఏడిపించాలనుకునేవాళ్లు కారు. శనివారం పొద్దుటి పూట పది నిమిషాలు కేక పెట్టే బొమ్మ స్విచ్ ఆపి ఉంచుతారా అని అడిగితే సాధారణంగా కాదనరు. అప్పుడు పాపను తీసుకెళ్లండి. రోడ్డుకు ఇవతలి పక్కన నిలబడి చూస్తే చాలు. ఆమె ఇష్టపడితే ఇంకాస్త దగ్గరికి వెళ్లి, అస్థిపంజరం పడిపోకుండా నేలలో దిగగొట్టిన మేకులు, దానికి కట్టిన తీగలు, బొమ్మలో బ్యాటరీ పెట్టే చోటు చూపించండి. స్విచ్ ఎక్కడుందో తెలిసిన దయ్యం సగం దయ్యమే అవుతుంది. ఇంట్లో కూడా ఒక చవక ముసుగు కొని, పట్టపగలు, పాప చూస్తుండగానే నాన్న దాన్ని పెట్టుకోవడం, తీయడం, మళ్లీ పెట్టుకోవడం చేయాలి. తరువాత ఆమె చేత నాన్నకు పెట్టించాలి. తానే తొడిగి తానే లాగేసిన ముసుగు ఆమె అదుపులో ఉన్న వస్తువు. ఈ ఆటలో ఎవరూ వెనక నుంచి వచ్చి ‘భౌ’ అనకూడదు. సరదాకైనా అలా ఒక్కసారి చేస్తే, అంతవరకు చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

రాత్రి లైటు గురించి పట్టుదలకు పోవద్దు. చిన్న బెడ్‌లైటు వెలుగుతూ ఉండనివ్వండి. ప్రీస్కూలుకు వెళ్లే దారి కొన్నాళ్లు మార్చినా నష్టం లేదు గాని, ఎందుకు మార్చారో ఆమెకు చెప్పండి. చెప్పకుండా మారిస్తే, అక్కడ నిజంగానే ఏదో ప్రమాదం ఉందని అమ్మ కూడా ఒప్పుకున్నట్టు పిల్లకు అనిపిస్తుంది. నవంబరు మొదటి రెండు వారాల్లో బొమ్మలన్నీ తీసి అటక మీద దాచేస్తారని కూడా చెప్పండి. నెల దాటినా ఆమె నిద్ర కుదుటపడకపోతే పిల్లల డాక్టరుతో మాట్లాడవచ్చు. అంతవరకు పోతుందని నేననుకోను.

ఇక వేషం. మీ పాపకు ఏం కావాలో ఆమె స్పష్టంగానే చెప్పింది. మంత్రగత్తె కంటే చెత్త లారీ ఎన్నో విధాల మంచి వేషం, ఈ విషయంలో మీ వారిని ఒప్పించే బాధ్యత నా మీద వేసుకుంటున్నాను. దానికి ముసుగు అక్కర్లేదు, కాబట్టి చూపుకు అడ్డం ఉండదు. అద్దంలో తన ముఖం తనకు కనిపిస్తుంది, కాబట్టి భయం ఉండదు. అక్టోబరు చివర న్యూజెర్సీలో పొద్దుగుంకాక చలి బాగానే ఉంటుంది. కొన్న గౌనుల మీద కోటు వేయమంటే ఏడ్చే పిల్లలు కూడా అట్టపెట్టె లోపల స్వెటరు వేసుకోవడానికి పేచీ పెట్టరు. డైపర్లు గాని టిష్యూ పేపరు గాని వచ్చిన పెద్ద అట్టపెట్టె తీసుకుని అడుగూ మూతా కోసేసి, భుజాల మీదుగా రెండు వెడల్పాటి పట్టీలు తగిలించండి. సన్నని తాడు అయితే భుజం ఒరుసుకుంటుంది. పెట్టె కింది అంచు మోకాలి పైనే ఆగిపోవాలి, లేకపోతే వరండా మెట్లు ఎక్కలేదు, తన పాదాలు తనకు కనబడవు. పక్కల రెండు చేతులకూ కన్నాలు మరచిపోవద్దు, పడబోయినప్పుడు పట్టుకోవడానికి చేతులు బయట ఉండాలి. ముందు భాగాన రెండు చిన్న బ్యాటరీ లైట్లు, వెనక ఎర్రని రిఫ్లెక్టర్ టేపు అతికిస్తే లారీకి అందం, చీకట్లో కార్లవాళ్లకు గుర్తు. మిఠాయిలు వేసుకోవడానికి లారీ వెనక తొట్టి ఎలాగూ ఉంది. మీ వారు నారింజ రంగు చొక్కా వేసుకుని లారీ వెంట నడిచే కార్మికుడు కావచ్చు, ఫొటోకు అంతకంటే ఏం కావాలి? కొన్న దుస్తులైతే మంట త్వరగా అంటుకోదని లేబుల్ మీద రాసి ఉందో లేదో చూడాలి. ఇంట్లో చేసిన అట్టపెట్టెకు ఆ లేబుల్ ఉండదు కనుక, కొవ్వొత్తి వెలిగించిన గుమ్మడికాయల పక్క నుంచి నడిచేటప్పుడు చెయ్యి పట్టుకుని దూరంగా నడిపించండి.

కృష్ణుడి వేషం గురించి నా అభిప్రాయం వేరు. పాప అడిగి ఉంటే నేను అడ్డు చెప్పేదాన్ని కాదు. ఆమె అడగలేదు. పెద్దవాళ్లు ఇద్దరు రెండు వైపుల నుంచి లాగితే చెత్త లారీ నడుమ నలిగిపోతుంది. పైగా నెమలిపింఛం, కిరీటం పెట్టుకున్న బాలకృష్ణుడు వీధిలో చాక్లెట్ల కోసం ఇల్లిల్లూ తిరుగుతుంటే, మీ అత్తగారికే రెండో ఇంటి దగ్గర మనసు చివుక్కుమనవచ్చు. ఆ ముచ్చటకు కృష్ణాష్టమి ఉంది.

అత్తగారి అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. దానికి రెండు ముఖాలు ఉన్నాయి: ఇది మనది కాని మతపు తంతు అన్న అనుమానం ఒకటి, శుభమైన మాసంలో గుమ్మం ముందు చావును తలపించే బొమ్మలు ఉండరాదన్న పట్టింపు రెండోది. మొదటిదానికి సమాధానం చెప్పవచ్చు, రెండోదానికి సమాధానం చెప్పడం కంటే ఆమె మాట వినడం మేలు.

మతం సంగతి ఇదీ. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల్లో కెల్టిక్ జాతులు కోతల కాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండగ చేసుకునేవారు. ఆ రాత్రి చనిపోయినవాళ్ల ఆత్మలు తిరుగుతాయని నమ్మేవారు. క్రైస్తవం వచ్చాక నవంబరు 1 సకల పరిశుద్ధుల దినం, 2 మరణించిన ఆత్మలను తలచుకునే దినం అయ్యాయి. ముందు రోజు రాత్రి హాలోవీన్ అయింది. పితృపక్షాలు పాటించే ఇంట్లో పెరిగిన మీ అత్తగారికి, ఏడాదిలో కొన్ని రోజులు పోయినవాళ్లకు కేటాయించడం కొత్త ఆలోచనేమీ కాదు. 1840లలో బంగాళదుంప పంట నాశనమై కరువు వచ్చినప్పుడు ఐర్లండు నుంచి లక్షల మంది అమెరికాకు వలస వచ్చారు. వాళ్లు అక్కడ టర్నిప్ దుంపలను తొలిచి దీపం పెట్టేవారు. ఇక్కడ అంతకంటే పెద్దదీ, తొలవడానికి తేలికైనదీ అయిన గుమ్మడికాయ దొరికింది. పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడగడం మరీ ఇటీవలి సంగతి. 1930లలో ప్రాకింది, రెండో ప్రపంచయుద్ధ కాలంలో చక్కెర రేషనుతో సన్నగిల్లింది, 1947లో రేషను ఎత్తేశాక దేశమంతా స్థిరపడింది. ఈనాడు మీ వీధిలో జరిగేదానిలో పూజ లేదు, ప్రార్థన లేదు, మంత్రం లేదు. 2012లో శాండీ తుపాను అక్టోబరు 29న న్యూజెర్సీ తీరాన్ని తాకి ఊళ్లన్నీ చీకట్లో మునిగినప్పుడు, అప్పటి గవర్నరు హాలోవీన్‌ను నవంబరు 5కు వాయిదా వేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ప్రభుత్వ ఉత్తర్వుతో ముందుకూ వెనక్కూ జరిగే రోజును తిథులూ నక్షత్రాలూ చూసే మనిషి మతకర్మగా లెక్కపెట్టనక్కర్లేదు. ఈ ముక్క చెబితే మీ అత్తగారు నవ్వుతారని నా ఊహ.

మన వైపు కూడా ఇలాంటివి లేకపోలేదు. దసరాకు బడిపిల్లలు కొత్త బట్టలు కట్టుకుని, విల్లంబులు పట్టుకుని, అయ్యవారి వెంట ఇంటింటికీ తిరిగి పద్యాలు పాడితే, అయ్యవారికి కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు ఇచ్చేవారు. గోదావరి జిల్లాల్లో ఆ తరం వాళ్లు చాలామంది వాటిని చూసినవాళ్లో, కనీసం ఇంట్లో పెద్దవాళ్ల నోట విన్నవాళ్లో అయి ఉంటారు. పగటివేషగాళ్లు, పులివేషాలు ఉండనే ఉన్నాయి. భయంకరమైన ముఖాల సంగతికి వస్తే, కడుతున్న ప్రతి ఇంటి ముందూ నాలుక చాచిన దిష్టిబొమ్మను వేలాడదీసేది మనమే. గుమ్మానికి కట్టే గుమ్మడికాయ మీద కళ్లూ కోరలూ గీసేదీ మనమే. అయితే ఇవన్నీ జాబితా చదివినట్టు ఆమెకు వినిపించి వాదంలో గెలవాలని చూడకండి. కోడలు చరిత్ర చెబితే అత్తగారికి అది తాతకు దగ్గులు నేర్పినట్టే ఉంటుంది. ‘మీ చిన్నప్పుడు దసరాకు ఏం చేసేవారు?’ అని పాప చేత అడిగించండి. మిగిలినది ఆమే చెబుతారు. గట్టిగా మాట్లాడవలసిన అవసరం వస్తే మాత్రం ఆ పని కొడుకు చేయాలి, మీరు కాదు.

గుమ్మం విషయంలో ఆమె మాట నెగ్గనివ్వండి. మీ ఇంటి ముందు అస్థిపంజరాలు, సమాధిరాళ్లు, సాలెగూళ్లు ఏవీ పెట్టవద్దు. వాటితో పోటీపడి ఇల్లు పీకి పందిరి వేయవలసిన అవసరం మీకు లేదు, భయపడే పిల్లకు సొంత ఇల్లయినా నెమ్మదిగా ఉండాలి. ఒక గుమ్మడికాయ చాలు, దాని మీద కోరల ముఖం బదులు సూర్యుడినో నక్షత్రాన్నో చెక్కండి. ఆడవాళ్లు గుమ్మడికాయ కొట్టకూడదన్న పట్టింపు ఆమెకు ఉంటే మొదటి కత్తిగాటు మీ వారు పెడతారు. మూత కోసేటప్పుడు కత్తిని లోపలికి వాల్చి ఏటవాలుగా కోస్తే మూత తిరిగి పెట్టినప్పుడు లోపలికి జారిపడదు. పాప చేతికి కత్తి వద్దు గాని, లోపలి పీచూ గింజలూ గరిటెతో తోడే పని పూర్తిగా ఆమెకే వదిలిపెట్టండి, జిగటకు మొహం చిట్లించినా మానదు. గింజలు కడిగి, ఆరబెట్టి, ఉప్పూ కారం చల్లి వేయించుకోవచ్చు. చెక్కడానికి అమ్మే పెద్దకాయ నీరుగా, పీచుగా ఉంటుంది. దప్పళానికి పనికి వచ్చేది బజారులో దాని పక్కనే చిన్నగా, బరువుగా ఉండే, ‘పై పంప్కిన్’ అనే వంట గుమ్మడికాయ. మీ అత్తగారిని ఆ బజారుకు తీసుకెళ్లి కాయ ఎంచమనండి. లోపల కొవ్వొత్తి బదులు బ్యాటరీ దీపం పెట్టండి. చెక్కిన కాయ నాలుగైదు రోజులకు మించి నిలవదు, కాబట్టి మరీ ముందుగా కోయవద్దు. న్యూజెర్సీలో అక్టోబరు 30 రాత్రిని మిస్చీఫ్ నైట్ అంటారు. కుర్రకారు చెట్లకు టాయిలెట్ పేపరు చుట్టడం, ఇళ్ల మీద కోడిగుడ్లు విసరడం లాంటి ఆకతాయి పనులు చేస్తారు. ఆ రాత్రి కాయను లోపల పెట్టుకుని, అత్తగారికి ముందే చెప్పి ఉంచండి. కార్తీకమాసంలో వాకిట్లో గుడ్డు పగిలితే అదెవరి పని అని ఆమె రాత్రంతా ఆలోచించకూడదు కదా.

ఆ సాయంత్రం ఆమె తులసి దగ్గర దీపం పెట్టుకున్నాక, ఇష్టపడితే మిఠాయిల గిన్నె ఆమెకే అప్పగించండి. ఇంటికి వచ్చిన పిల్లల చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఒక్కొక్కరికి ఒకటో రెండో ఇవ్వాలని, వేషం లేకుండా వచ్చిన పెద్దపిల్లలకు కూడా ఇవ్వాలని, కొందరు పిల్లలు మాట్లాడకుండా చేయి చాపినా అమర్యాద అనుకోవద్దని చెప్పండి. ఒక్క విషయంలో జాగ్రత్త: ఆ రాత్రి అందరూ వేషాల్లో ఉంటారు కనుక, ఎవరో ఒకరు ఆమె చీర చూసి ‘కాస్ట్యూమ్ బాగుంది’ అనే అవకాశం ఉంది. ముందే తెలిస్తే ఆమె నవ్వేసి, ఇవి నా రోజువారీ బట్టలు అనవచ్చు. తెలియకపోతే ఆ మాట ముల్లులా గుచ్చుకుంటుంది. గిన్నె పట్టుకోవడానికి కూడా ఆమె ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. వరండా లైటు ఆర్పేస్తే ఈ ఇంట్లో పంచడం లేదని పిల్లలు వాళ్లంతట వాళ్లే దాటిపోతారు, అది ఇక్కడ అందరికీ తెలిసిన మర్యాద.

వేరుశెనగ సంగతిలో మాత్రం సరదాకు చోటు లేదు. ఆ రాత్రి పంచే చాక్లెట్లలో వేరుశెనగ ఉన్నవి చాలా ఉంటాయి. లేబుళ్ల మీద తప్పనిసరిగా చెప్పవలసిన ముఖ్యమైన అలర్జీ పదార్థాలు అమెరికా చట్టంలో తొమ్మిది: పాలు, గుడ్లు, చేపలు, రొయ్యల జాతి, బాదం జీడిపప్పు వంటి చెట్ల గింజలు, వేరుశెనగ, గోధుమ, సోయా, 2023 నుంచి నువ్వులు. అయితే హాలోవీన్‌కు అమ్మే బుల్లి చాక్లెట్ల విడి కాగితాల మీద చాలాసార్లు పూర్తి వివరాలు ఉండవు, పెద్ద సంచి మీదే ఉంటాయి. ఒకే పేరుతో అమ్మే చాక్లెట్ పెద్ద సైజులో ఒక రకంగా, బుల్లి సైజులో మరో రకంగా తయారై ఉండవచ్చు కూడా. అందువల్ల నియమం ఒక్కటే: వివరాలు కనబడనిది పాప నోట్లోకి వెళ్లకూడదు. దారిలో ఒక్కటి కూడా తినకూడదని బయలుదేరే ముందే చెప్పి, కడుపు నిండా అన్నం పెట్టి తీసుకెళ్లండి. అలర్జీ వికటిస్తే వెంటనే వేయడానికి డాక్టరు ఇచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షను ఇంట్లో కాదు, మీ వారి జేబులో ఉండాలి. దాన్ని ఎలా వాడాలో మీ వారికీ, వీలైతే అత్తగారికీ మళ్లీ ఒకసారి చూపించండి.

కొన్ని ఇళ్ల ముందు నీలం ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయ కనిపిస్తే, అక్కడ తినేవి కాక స్టిక్కర్లు, క్రేయాన్లు, గాజుల వంటివి ఇస్తారని అర్థం. టెనెసీలో మొదలైన ఈ పద్ధతిని అలర్జీ ఉన్నవారి కోసం పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014లో దేశమంతటికీ తీసుకెళ్లింది. మీరూ ఒక కాయకు ఆ రంగు వేసి, గిన్నెలో స్టిక్కర్లు పెట్టండి. మీ పాపలాంటి ఇంకో పిల్లకు అది పెద్ద ఊరట, మీ అత్తగారికి కూడా ఏది ఎవరికి పడదో అన్న బెంగ ఉండదు. దగ్గరి రెండు మూడు ఇళ్లవాళ్లకు మీరే ముందుగా చిన్న స్టిక్కర్ల పొట్లం ఇచ్చి, పాప వచ్చినప్పుడు ఇది వేయమని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడకండి, ఇక్కడ అలా అడగడం మామూలే.

తిరిగి వచ్చాక అన్నీ బల్ల మీద పోసి వేరు చేయండి. వేరుశెనగ ఉన్నవీ, వివరాలు లేనివీ అప్పటికప్పుడే ఇంట్లోంచి వెళ్లిపోవాలి, మీ వారి ఆఫీసుకైనా సరే. గట్టి బిళ్లలు, చూయింగ్ గమ్ నాలుగేళ్ల లోపు పిల్లలకు గొంతులో అడ్డం పడతాయని పిల్లల వైద్యులు హెచ్చరిస్తారు. మీ పాప ఆ గీత దాటింది నిన్న మొన్ననే కనుక అవి కూడా తీసేయడం మంచిది. ఇంట్లో శాకాహారం పట్టింపు ఉంటే, జీళ్లలా సాగే గమ్మీలు, మార్ష్‌మాలోలు, క్యాండీ కార్న్ వంటి వాటిలో జంతువుల నుంచి తీసిన జెలాటిన్ ఉంటుందని గుర్తుంచుకోండి. కార్తీకమాసం చేసే మనిషి తెలియక నోట్లో వేసుకుంటే తరువాత బాధపడతారు. మిగిలినవాటిలో రెండు ఆ రాత్రే తినేయనివ్వండి. రోజంతా కొద్దికొద్దిగా చప్పరించడం కంటే భోజనం అయిన వెంటనే తిని పళ్లు తోముకోవడం పంటికి మేలు. మిఠాయిలు తీసుకుని బదులుగా బొమ్మ పెట్టి వెళ్లే మంత్రగత్తె కథ ఒకటి ఇక్కడ చాలా ఇళ్లలో చెబుతారు. అసలే లైటు ఆర్పనివ్వని పిల్లకు రాత్రి ఇంట్లోకి వచ్చే ఇంకో మంత్రగత్తెను పరిచయం చేయవద్దు, బొమ్మ ఇవ్వాలనుకుంటే మీ చేత్తోనే ఇవ్వండి.

ఇక విషం వీడియోలు. డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జోయెల్ బెస్ట్ అనే సమాజశాస్త్రవేత్త ఈ వదంతుల మీద దశాబ్దాలుగా పరిశోధన చేశారు. ముక్కూమొహం తెలియని మనిషి హాలోవీన్‌కు పంచిన మిఠాయి తిని ఒక పిల్లవాడు చనిపోయినట్టు గాని, తీవ్రంగా గాయపడినట్టు గాని నిలబడిన సాక్ష్యం ఆయనకు ఒక్కటీ దొరకలేదు. 1974లో టెక్సస్‌లో ఒక పిల్లవాడు సయనైడ్ కలిపిన మిఠాయి తిని చనిపోయిన మాట నిజమే గాని, ఆ విషం పెట్టింది బీమా డబ్బు కోసం ఆశపడిన కన్నతండ్రి. కాగితం చిరిగిపోయినవి పారేయండి, అంతకుమించి దిగులు అక్కర్లేదు.

నిజమైన ప్రమాదం రోడ్డు మీద ఉంది. 1975 నుంచి 2016 వరకు అమెరికాలో జరిగిన ప్రమాదాల లెక్కలు చూసిన పరిశోధకులు, దగ్గరి ఇతర సాయంత్రాలతో పోలిస్తే హాలోవీన్ సాయంత్రం పాదచారి మరణాల అవకాశం 43 శాతం ఎక్కువని తేల్చారు. ఆరు గంటల ప్రాంతం మరీ ప్రమాదకరం, నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు ముప్పు అన్నిటికంటే ఎక్కువ. అక్టోబరు 31న న్యూజెర్సీలో ఆరు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. 2007లో గడియారాలు మార్చే తేదీని నవంబరు మొదటి ఆదివారానికి జరిపారు కాబట్టి ఆ మాత్రం వెలుతురైనా మిగిలింది. అయిదింటికల్లా బయలుదేరి, వెలుగు ఉండగానే మీ వరుసలో ఆరేడు ఇళ్లు చూసుకుని తిరిగి వచ్చేయండి. రోడ్డు దాటవద్దు, ఒక పక్కనే వెళ్లి ఆ పక్కనే రండి. పెద్దపిల్లలు, మరీ భయంకరమైన ముసుగులు బయటికి వచ్చేది చీకటి పడ్డాకే కనుక, త్వరగా వెళ్లడం రెండు విధాలా మంచిది. అస్థిపంజరం ఇంటికి వెళ్లాలా వద్దా అన్నది పాప అక్కడికి చేరాక చెబుతుంది. ముందే మాట తీసుకోకండి.

మొదటి గుమ్మం దగ్గరే ఆమె వెనక్కి తిరిగి మీ కాళ్లకు చుట్టుకుంటే ఇంటికి వచ్చేయండి. ‘ఇంత కష్టపడి లారీ చేశాం’ అన్న మాట మీ వారి నోట రాకుండా చూడండి. ఆమె లోపల హాల్లో లారీ నడుపుకుంటుంది, లేదా నానమ్మ పక్కన నిలబడి వచ్చేవాళ్లను చూస్తుంది. చూసేవాళ్లకు కూడా అది పండగే.

మరో ముఖ్యమైన పని ఉంది, దానికి అక్టోబరు 31 వరకు ఆగకండి. ఆ వారంలో ప్రీస్కూల్లో పార్టీ ఉంటుంది, తల్లిదండ్రులు ఇళ్ల నుంచి తినేవి పంపుతారు. వేరుశెనగ పడదని టీచరుకు నోటిమాటగా చెప్పి ఊరుకోక, డాక్టరు సంతకంతో ఉన్న అలర్జీ పత్రం, బడిలో ఉంచడానికి మరో ఇంజెక్షను ఈ వారమే ఇవ్వండి. పార్టీలో ముసుగులు ఉంటాయో లేదో కూడా అప్పుడే కనుక్కోండి. ఉంటాయంటే, ఆ గంట మీరు గాని మీ వారు గాని బడిలో ఉండేటట్టు సెలవు పెట్టుకోండి.